రెండు చీటీల మందు

స్టెల్లాకి భయం చిన్నప్పటినుంచీ ఉన్నదే. దానికి పేర్లు పెట్టడం మాత్రం ఏలూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాకే వచ్చింది. పిల్ల తుమ్మితే మిగతా తల్లులు జలుబంటారు. ఆమెకి ఆ తుమ్ము వెనక ఊపిరితిత్తుల బొమ్మ కళ్లముందు నిలిచేది. ప్రీతి పుట్టాక ఇంట్లో ఫినాయిల్ సీసా అటకెక్కింది, అగ్గిపెట్టె బైబిలు వాక్యాల క్యాలెండరు వెనక్కి పోయింది, మంచానికి నాలుగువైపులా దిండ్లు పేరుకున్నాయి.

"ఇది ఇల్లా, నీ ల్యాబా?" అని నవ్వేవాడు భర్త నిరంజన్. వట్లూరు దగ్గర ఓ కాలేజీలో పాఠాలు చెప్పేవాడాయన.

స్టెల్లా ఉద్యోగం తాడేపల్లిగూడెంలో తవుడు మిల్లులో. నూనె తీసేసిన తవుడుని ఆ మిల్లు కొల్లేటి చెరువులకి చేపల మేతగా పంపేది. చేపలకి పేను పట్టిందని రైతులు కబురు పెడితే, ఆ తవుడులోనే పేను మందు కలిపి పంపేవాళ్లు. ఎంత మందు కలపాలో చీటీ రాసి సంతకం పెట్టాల్సింది కెమిస్టు స్టెల్లాయే. ఆ చీటీ అందనిదే మిక్సింగు షెడ్డులో మందు సంచి మూతి విప్పేవాళ్లు కాదు. మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దున్నే బయటపడాలి కాబట్టి రెండేళ్ల ప్రీతిని స్టెల్లా తల్లి రత్నకుమారి దగ్గర, కొల్లేటి లంకలో ఉంచేవారు. శనివారం సాయంత్రం తెచ్చుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ దింపి వచ్చేవారు. దింపి వచ్చే బస్సులో స్టెల్లా కిటికీవైపు తిరిగి కూర్చునేది.

2008 వానాకాలంలో మిల్లుకి ఈఆర్పీ వచ్చింది. కొనుగోళ్లు, గోడౌను, మిక్సింగు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేరులోకి తేవడమే దాని పని. ఒకచోట అంకె మారితే అన్నిచోట్లా మారుతుంది. దాన్ని నిలబెట్టడానికి హైదరాబాదునుంచి దుర్గేష్ అనే కన్సల్టెంటు వచ్చాడు. కుర్చీ తుడిచి, కూల్‌డ్రింకు తెప్పించి, ఫ్యాను అతనివైపు తిప్పి మిల్లంతా మర్యాద చేసింది. షెడ్డులోవాళ్లు చాటుగా అతనికి కంప్యూటరు అల్లుడని పేరు పెట్టారు.

అల్లుడు స్టెల్లాని 'కీ యూజర్' అన్నాడు. మిల్లు పని తెలిసి, కంప్యూటరు నేర్చుకుని, మిగతావాళ్లకి నేర్పాల్సిన మనిషన్నమాట. జీతం పెరగలేదు గాని భయం పెరిగింది. ఒక్క అంకె తప్పు కొడితే మిల్లంతా తప్పవుతుందని ఆమెకి పట్టుకుంది.

పాతదాన్ని ఒక్కసారిగా వదిలెయ్యకుండా కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపాలన్నాడు దుర్గేష్. పారలల్ రన్ అంటారట దాన్ని. మేనేజరు అందర్నీ షెడ్డులో నిలబెట్టి, "పాతదీ చెయ్యండి, కొత్తదీ చెయ్యండి. ఎందుకూ ఏమిటీ అని ఎవరూ అడక్కండి" అని చెప్పి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ స్టెల్లా చేత్తో రాసిన చీటీ మీద ఒక సంతకం, కంప్యూటరు ముద్రించిన చీటీ మీద ఒక సంతకం పెట్టసాగింది. మొదటి రెండు మూడు రోజులూ మందు మేత అడిగినవాళ్లు లేరు. వాన ముసురు పట్టాక ఒకేరోజు చాలామంది అడిగారు. అందులో ఆమె మేనమామ వరదానం ఒకడు.

మర్నాడు, శనివారం మధ్యాహ్నం, దుర్గేష్ ల్యాబులోకి వచ్చాడు.

"మేడమ్, పేను మందు గోడౌనులో తక్కువుంది. నిన్న ఎంత ఖర్చయిందని సిస్టమ్ చూపిస్తోందో, సరిగ్గా ఇంకోసారి అంత పోయింది. సోమవారం గో-లైవ్ కదా, తేడా కింద రాసేద్దామా?"

పాతది ఆపేసి పూర్తిగా కంప్యూటరు మీదే నడిచే రోజది. దానికోసం మిల్లంతా హడావిడి పడుతోంది.

"రాసేద్దాం గానీ, పోయిన మందు ఎక్కడికి పోయిందండీ?" అంది స్టెల్లా. అంటూనే లేచింది. గబగబా షెడ్డుకి నడిచింది.

మిక్సింగు మేస్త్రీ విశ్వాసం తలగుడ్డ విప్పి దులుపుకుంటున్నాడు.

"విశ్వాసం గారూ, నిన్న మందెంత వేశారండీ?"

"చీటీలో ఉన్నంతేనండి."

"ఏ చీటీలో?"

"రెండిట్లోనూనండి. చేతి చీటీ వచ్చింది, దానికి వేశాం. వెనకాలే కంప్యూటరు చీటీ వచ్చింది, దానికీ వేశాం. రెండిటిమీదా తమరి సంతకమే కదండీ."

"తవుడు కూడా రెండింతలు పోశారా?"

"తవుడికి చీటీ ఏంటండీ? తొట్టి నిండితే ఆపేస్తాం."

వెనకే వచ్చిన దుర్గేష్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పారలల్ రన్ అంటే కాగితం పని అయ్యా! సరుకు పని కాదు!"

"ఆ ముక్క ఎవరు చెప్పారండీ మాకు? పాతదీ చెయ్యండి, కొత్తదీ చెయ్యండి అన్నారు. చేశాం. ఇప్పుడేమో నెత్తిన చెయ్యి పెట్టుకుంటున్నారు తమరు."

స్టెల్లా ఆ మాటలు సగమే విన్నది. అప్పటికే తల్లికి ఫోను కలిపింది.

"అమ్మా, మావయ్య మేత వాడేశాడా?"

"నిన్న సాయంత్రమే చిల్లుల సంచుల్లో పోయించి చెరువులో గెడలకి కట్టించాడే. చేపలు ఎగబడుతున్నాయంట."

"పాపేం చేస్తోంది?"

"పడుకుంది. పొద్దున్న మావయ్య దోనెలో వెళ్లి మనవరాలికని శీలావతి చేప ఒకటి తెచ్చాడు. ముళ్లు తీసి పెడితే గిన్నె నాకేసిందనుకో!"

మందు మేత వేశాక కొన్నాళ్లు చేప పట్టకూడదని మిల్లువాళ్లు ప్రతి లోడుతోనూ చెప్పి పంపేవారు. ఆ మాట బజారుకెళ్లే చేపకని లంకలో అందరి లెక్క. వలలు వేసి లారీకెక్కిస్తేనే పట్టుబడి. ఇంట్లోకి, అదీ పసిదాని నోట్లోకి తెచ్చే ఒక్క చేపని ఎవరూ పట్టుబడి అనుకోరు. లంకలో పుట్టి పెరిగిన స్టెల్లాకి ఈ సంగతి తెలుసు. తెలిసీ దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

"అమ్మా, దాన్ని లేపు."

"నిద్ర చెడితే పొద్దుగూకేదాకా ఏడుస్తుందే."

"ఏడవనీ! లేపమ్మా!"

లైను తెగిపోయింది. మళ్లీ కలిపితే కలవలేదు. ముసురు పడితే లంకలో సిగ్నలుండదు. ఆ మందు మితిమీరితే నరాల మీద పనిచేస్తుంది. మొదట మత్తు, తర్వాత చొంగ, తర్వాత వణుకు. స్టెల్లా డబ్బుల పర్సొకటే అందుకుని గేటు దాటింది.

ఏలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క కట్టింది. చేప తిన్న మేతెంత, అందులో మందెంత, కండలోకి దిగిందెంత, పిల్ల బరువెంత. ఎన్నిసార్లు కట్టినా ఏమీ కాదనే వచ్చింది. ఇంకెవరి పిల్లయినా అయితే ఆ లెక్క చూపించి ఆ తల్లికి ధైర్యం చెప్పేది. తన పిల్ల దగ్గరికొచ్చేసరికి ప్రతి అంకె పక్కనా ఒక 'ఒకవేళ' నిలబడింది. చేపకి ఆ మేతే ఎక్కువ దొరికి ఉంటే? పిల్ల కాలేయం ముక్క తిని ఉంటే? ఆ మందు పోయి చేరేది కాలేయంలోకే కదా. ఏలూరులో దిగి ఆటో ఎక్కాక ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. మాటలు రాక, పిల్ల పేరొకటే అనుకుంటూ పోయింది.

లంకలో ఇంటి అరుగు మీద రత్నకుమారి పిల్లని ఒళ్లో పెట్టుకుని ఉంది. ప్రీతి కళ్లు మూసుకుని ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

"లేచిందే. పాలు తాగింది. మళ్లీ పడుకుంది. ఏమైందో చెప్పవే తల్లీ."

స్టెల్లా పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది. ప్రీతి ముఖం చిట్లించి, తల్లి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ ఎంత గట్టిగా తగిలితే అంత బాగుణ్ణనిపించింది స్టెల్లాకి.

వరదానం తన బండి మీద తల్లీపిల్లలిద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు పిల్లని నిలబెట్టాడు, నడిపించాడు, గుండె విన్నాడు. "ఇప్పుడైతే ఏమీ లేదమ్మా. సాయంత్రందాకా ఇక్కడే ఉండండి, చూద్దాం" అన్నాడు.

వరాండా బల్ల మీద కూర్చున్నాక వరదానం నోరు తెరిచాడు. "చేప తెచ్చింది నేను. ముద్దు నాది, తప్పూ నాదేనే స్టెల్లమ్మా."

"కాదు మావయ్యా. చీటీలు రెండు వెళ్లాయి. రెండిటిమీదా సంతకం నాదే. నీ చెరువులో ఉన్నది డబుల్ మందు."

"అప్పుడే తెల్ల కడుపులతో రెండు చేపలు తేలాయి. వానకేమో అనుకున్నాను" అన్నాడు. తర్వాత లేచి, సంచులు విప్పించడానికి వెళ్లాడు.

అప్పుడు దుర్గేష్ ఫోను చేశాడు. పాప గురించే మొదట అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మేడమ్, సిస్టమ్‌లో బ్యాచ్ నంబరు కొట్టి చూశాను. నిన్నటి మందు మేత ఏయే చెరువులకి వెళ్లిందో పేర్లతో సహా వచ్చేసింది, ఫోను నంబర్లు కూడా. మేనేజరు గారు గో-లైవ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దంటున్నారు. మిల్లు పేరు పోతుందంట. నేను బయటివాణ్ణి. ఏం చెయ్యమంటారు?"

స్టెల్లా ఒళ్లో ప్రీతి ఆసుపత్రి చీటీని నలుపుతోంది. ఉద్యోగం పోతుందని ఆమెకి తెలుసు. నిరంజన్ జీతం ఒక్కటే మిగులుతుందనీ తెలుసు.

"నంబర్లు చదవండి" అంది.

ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది: "నేను మిల్లు కెమిస్టునండి. నిన్నటి మేతలో మందు ఎక్కువైంది, పొరపాటు నాది. సంచులు విప్పించెయ్యండి. ఇవాళ చెరువులో చేప ఎవరైనా తిన్నారాండీ?" కొందరు తిట్టారు. ఒకాయన సగంలోనే ఫోను పెట్టేశాడు. తిన్నామన్నవాళ్లు ఎవరూ లేరు.

చివరి నంబరు ఉండి అనే ఊరి దగ్గర చెరువున్న భాస్కరరావు గారిది. ఆయన అంతా విన్నాడు.

"మా ఇంట్లో శనివారం చేప వండరమ్మా. ఆ భయం లేదు."

"చెరువు దగ్గర కాపలా ఉండేవాళ్లండీ? వాళ్లకి పిల్లలున్నారా?"

"గట్టు మీద గుడిసెలున్నాయి. ఒడ్డుకొచ్చిన చేపని పిల్లలు పంచెతో పట్టుకుంటూ ఉంటారు. నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు.

"అడగండి."

ఫోను చేతిలోనే పట్టుకుని ఆయన గట్టు మీదికి నడుస్తున్నట్టు తెలుస్తోంది. గాలి, కుక్క అరుపు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న ఆయన గొంతు. స్టెల్లా ప్రీతిని గుండెకి అదుముకుని, అవతల గుడిసెలోంచి జవాబు వచ్చేదాకా వింటూ కూర్చుంది.