బంద్ రోజున కలిసిన వియ్యంకుడు

నలభై ఏళ్లు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్న మిత్రుడి పెద్దకర్మకు మార్కాపురం వెళ్తున్నాను. పార్టీల గొడవతో ఆ రోజు బంద్. బస్సును ఊరి బయటే ఆపేసి, బయటి ఊళ్లవాళ్లను వెనక్కి పంపుతున్నారు. గొర్రెలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయనకు నా సంగతి చెప్పుకున్నాను.

ఆయన తన చేతికర్ర నాకిచ్చి, "నా ఎనకాలే రా బావా, ఏం మాట్లాడొద్దు," అన్నాడు.

రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు, "ఎవరు మామా ఈయన?" అని అడిగారు.

"మా వియ్యంకుడు. ఊళ్లో పెద్దకర్మకొచ్చినాడు."

వాళ్ల నాయకుడు కోపంగా లేచాడు. "ఏంది మామా, వియ్యంకుణ్ణి గొర్రెలెంట నడిపిస్తావా? సిగ్గుండాల!" అని, నన్ను తన మోటార్ సైకిల్ మీద మిత్రుడి ఇంటిదగ్గర దించాడు.

దిగాక చూస్తే కర్ర నా చేతిలోనే ఉంది. మర్నాడు ఆయన ఇల్లు కనుక్కుని ఇవ్వడానికి వెళ్తే, పెద్దాయన భార్య "వియ్యంకుడు వచ్చినాడు!" అంటూ కాళ్లకు నీళ్లిచ్చింది.