వేలు పెట్టే అత్తగారు

జామ్ చేసి అమ్మే ఆ అత్తగారికి ప్రతిదాంట్లోనూ వేలు పెట్టడం అలవాటు, ఉడుకుతున్న గిన్నెతో సహా. చూపుడువేలు అంచున ముంచి, చప్పరించి, ఆవిడ తలూపితే తప్ప ఒక్క సీసా నిండేది కాదు. వంటగది తనిఖీలో నెగ్గితేనే సరుకు తీసుకుంటామని సూపర్‌మార్కెట్ వాళ్లు చెప్పాక, ఆవిడ తలకు టోపీ పెట్టింది, గాజులు తీసింది, గచ్చు అద్దంలా తోమింది. వేలు మాత్రం మాట వినలేదు. తనిఖీకి వచ్చినాయన పొయ్యి పక్కనే నిలబడి ఉండగా, అది తిన్నగా గిన్నె మీదికి వెళ్లింది. పక్కన సీసాలు తుడుస్తున్న కోడలు కళ్లు గట్టిగా మూసుకుంది. వేలు గాల్లోనే ఆగింది.

"ఎప్పటి అలవాటో బాబూ, వేలు దానంతటదే గిన్నెలోకి పోతుంది. ఇకనుంచి చెంచాలే," అంది అత్తగారు.

ఆయన నవ్వేశాడు. "ఆపారుగా, చాలు. రుచి చూసిన ప్రతిసారీ కొత్త చెంచా తీసుకోండి," అని సరేనని సంతకం పెట్టి వెళ్లాడు.

ఆవిడ చెంచాతో రుచి చూసి మొహం చిట్లించింది. "నాకు చెంచా రుచే తెలుస్తోంది. నువ్వు చూడవే," అంటూ ఇంకోటి కోడలి చేతికిచ్చింది. కాపురానికొచ్చాక కోడలిని ఆ మాట అడగడం అదే మొదలు.

"నిమ్మరసం ఇంకాస్త పడాలత్తయ్యా," అంది కోడలు జంకుతూనే.

అత్తగారు వెంటనే నిమ్మకాయ కోసింది.