రెక్టరు విందులో మిగిలిన మాంసం

గెనోవెఫా పియెహోతా పెళ్లికాక ముందే విశ్వవిద్యాలయం క్యాంటీన్లో ఉల్లిపాయలు తరగడానికి చేరి, తర్వాత వంటమనిషైంది. అందరికీ ఆమె 'పాని గెన్యా', అంటే గెన్యమ్మగారు. ఆ నగరంలో ఏ వీధిలోకి వెళ్లినా విశ్వవిద్యాలయం భవనం ఒకటి ఎదురొచ్చేది. నది పక్కన లా కాలేజీ, మార్కెట్ వెనక కెమిస్ట్రీ, ట్రాము ఆఖరి స్టాపులో హాస్టళ్లు. వేలమంది పిల్లలు. వాళ్లలో చాలామంది మధ్యాహ్నం తినేది ఆమె వంటే. "పాని గెన్యా, ఇంకో గరిటె!" అని ప్లేటు చాపితే, "మీ అమ్మ నిన్ను తిండి పెట్టకుండా పంపిందా?" అని తిడుతూనే వడ్డించేది.

ఓ అక్టోబరులో విద్యాసంవత్సర ప్రారంభోత్సవం జరిగింది. విశ్వవిద్యాలయానికి పెద్ద అయిన రెక్టరు, డీన్లు బొచ్చు కాలర్ల అంగీలు, మెడలో గొలుసులతో లాటిన్ పాట మధ్య ఊరేగింపుగా నడిచారు. ఆపైన పెద్ద విందు. మిగిలిన మాంసం పళ్లేలను హీటరు పక్కనే వదిలేసి, శని ఆదివారాలు గడిచాక సోమవారం పొద్దున మేనేజరు బొగుస్వావ్ క్యాంటీన్‌కు మోయించుకొచ్చాడు.

మూత తీయగానే పుల్లటి కుళ్లు వాసన గుప్పుమంది. మాంసం పచ్చగా మెరుస్తోంది. వేలు పెడితే జిగురు సాగింది. గెన్యా మూత పక్కన పడేసింది.

"దీన్నేం చెయ్యమంటారు?"

"రుబ్బి కుడుముల్లో పెట్టు. మిరియాలు దండిగా వెయ్యి. కుర్రాళ్లు రాళ్లు పెట్టినా అరిగించుకుంటారు."

"మీ అబ్బాయీ ఇక్కడే చదువుతున్నాడుగా. వాడికీ ఇదే పెట్టనా?"

"వాడు ఇంటినుంచి తెచ్చుకుంటాడులే," అని బొగుస్వావ్ పళ్లికిలించాడు.

ఆ నవ్వు చూస్తే మాంసం కంటే రోతగా అనిపించింది. ఆమె ఒక పళ్లెం ఎత్తుకుని, విశ్వవిద్యాలయం పాలనాధికారి గదికి వెళ్లి బల్లమీద పెట్టింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నాడు.

"అబ్బబ్బ! తీసెయ్యండి ముందు! ఎవరైనా చూశారా? విలేకరులెవరైనా?"

పిల్లలు తిన్నారా అని మాత్రం అడగలేదు. గెన్యా తిరిగొచ్చి పళ్లేలన్నిటిమీదా బ్లీచింగ్ ద్రావణం కుమ్మరించింది.

"నీకు పిచ్చెక్కిందా!" అని బొగుస్వావ్ అరిచాడు.

"ఇప్పుడు రుబ్బించండి," అంది ఆమె. ఆ పూట బంగాళాదుంప కుడుములు వండింది.

వారం తిరక్కుండా ఆమెను హాస్టల్ లాండ్రీకి బదిలీ చేశారు. బొగుస్వావ్‌కు మరుసటి ఏడాది దీర్ఘసేవా పతకం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి క్యాంటీన్లో గిన్నెలు తోమే ఇరేనా ఆయాసపడుతూ లాండ్రీకి వచ్చింది.

"రెక్టరే మెడలో వేశాడే, గెన్యా! అందరూ లేచి చప్పట్లు."

"నువ్వూ కొట్టావా?"

ఇరేనా తల దించుకుంది. "కొట్టకపోతే పైవాళ్లు గమనిస్తారుగా."

గెన్యా మురికి దుప్పట్లను యంత్రంలోకి కుక్కి కుక్కి తోసి, తలుపు గట్టిగా మూసింది. పెన్షన్ వచ్చేదాకా లాండ్రీలోనే చేసింది. ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె అక్కడే కూర్చుని తినేది తప్ప, క్యాంటీన్ గుమ్మం మళ్లీ తొక్కలేదు.