పన్నెండు అంగుళాల తలుపు

వీధిలో అందరూ అతన్ని గొట్టమయ్య అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, పని పెట్టిన పేరు. హోటళ్ల వంటిళ్లలో పొయ్యిల మీది పొగని పైకప్పు దాటించే పెద్ద పెద్ద రేకు గొట్టాలు ఉంటాయే, వాటిలోకి దూరి లోపల పేరుకున్న నూనె జిడ్డు గీకడం అతని వృత్తి. దారిన పోయేవాళ్లు ఒకర్నొకరు 'గొట్టంగాడా' అని తిట్టుకుంటే, తనకేమైనా పని చెప్తారేమోనని తల తిప్పి చూసిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. వయసులో రేకు పని చేసుకుంటున్నప్పుడు ఒక వంటింట్లో గొట్టం అంటుకుని మండడం చూశాడు. మర్నాడు ఆ కాలిన గొట్టాన్ని అడిగి తెచ్చుకుని, ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచి, మంట ఎక్కడ పుట్టిందా అని వెతికాడు. వంపులో పుట్టింది. గొట్టం పక్కకి తిరిగే మూలలో జిడ్డు చేరి, గట్టిపడి, నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంటుంది. ఆ రోజునుంచి ఎవరెన్ని కబుర్లు చెప్పినా అతను అడిగేది ఒకటే: "వంపులో గీకారా?"

అతని రేకుల షెడ్డుకి ఎదురుగానే ఒక ఇండియన్ రెస్టారెంటు ఉంది. పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్నం భోజనం అక్కడే. వంటింటి తలుపు పక్కన, గోడకి ఆనుకుని ఉండే చిన్న బల్ల అతనిది. ఆ వంటింటి గొట్టం కూడా అతను చేసిందే. లోపలికి దూరడానికి గొట్టం పక్క రేకులో తలుపు కొయ్యాల్సి వచ్చినప్పుడు, షెడ్డులో రేకు పరిచి దాని మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. బట్టలు కుట్టే భార్య సుద్దముక్కతో వీపు వెనక ఒక గీత, పొట్ట ముందు ఒక గీత గీసింది. చెయ్యి ఆడేందుకు కొంత జాగా కలిపితే పన్నెండు అంగుళాలు తేలింది.

"ఇంకో రెండంగుళాలు వదలనా? ముందు ముందు ఒళ్లు చేస్తే?" అని ఆవిడ అడిగింది.

"గొట్టాల్లో దూరేవాడికి ఒళ్లెందుకు చేస్తుందే?" అన్నాడు.

చేసింది. పద్దెనిమిదేళ్లు తీరిగ్గా చేసింది.

ఆరు నెలలకోసారి, రెస్టారెంటు సెలవురోజు పొద్దున ఆ గొట్టం శుభ్రం చేస్తారు. కిందటిసారి తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట దగ్గర ఆగిపోయాడు. ముందుకీ పోడు, వెనక్కీ రాడు. కింద నిచ్చెన పట్టుకున్న బావమరిది కాళ్లు పట్టి లాగేసరికి, చొక్కా గుండీలు రెండు గొట్టంలోనే ఉండిపోయి, మనిషి మాత్రం బయటికొచ్చాడు.

"బావా, ఊపిరి వదులు అంటే వదలవేం?" అన్నాడు బావమరిది, నవ్వు ఆపుకోలేక.

"వదలడానికి లోపల జాగా ఉంటేగా."

ఆ రోజు బావమరిదే లోపలికి వెళ్లాడు. నలభై ఏళ్లవాడు, సన్నగా రివటలా ఉంటాడు. నోటికి ఉన్న చురుకు చేతికి లేదు. అరగంటలో బయటికొచ్చి, చేతులు దులుపుకుని, "అద్దంలా ఉంది, మొహం చూసుకోవచ్చు" అన్నాడు.

"వంపులో గీకావా?"

"అన్నీ గీకాను బావా."

గొట్టమయ్య నమ్మలేదు, కానీ వెళ్లి చూడలేడు. తను కొట్టిన రేకు, తను కోసిన తలుపు. లోపల ఏముందో ఎవడో చెప్తే వినాల్సి వచ్చింది. ఆ వంపు కింద రోజూ నలుగురు వంటవాళ్లు నిలబడతారు. వచ్చేసారి కూడా దూరలేకపోతే ఆ గొట్టం ఇక బావమరిదిదే.

"తలుపు పెద్దది కోసేద్దాం బావా, ఒక పూట పని" అన్నాడు బావమరిది.

"అటూ ఇటూ ఉన్న ఇనుప పట్టీలే గొట్టాన్ని మోస్తున్నాయి. ఏ పట్టీ కోస్తావు?"

తలుపు పెరగదు, ఒళ్లే తగ్గాలి. ఉన్న దారి ఒకటే.

మర్నాడు గొట్టమయ్య షెడ్డులో పన్నెండు అంగుళాల కొలతకి ఒక రేకు చట్రం కొట్టి, ఇంటి వెనక వరండాలో రెండు గుంజల మధ్య బిగించాడు. బరువు చూసుకునే యంత్రాల మీద అతనికి నమ్మకం లేదు. తనకి పని ఉన్నది తలుపుతో, కాబట్టి కొలత కూడా తలుపే చెప్పాలి. ప్రతి ఆదివారం పొద్దున్నే అందులో దూరి చూసుకుంటాడు. మిగతా ఆరు రోజులూ దాని మీద భార్య తడి తువ్వాళ్లు ఆరేస్తుంది.

"ఆ రోజే రెండంగుళాలు వదులుతానన్నాను. నా లంగాలకి వదిలినంత కూడా మీ ఒంటికి వదలనివ్వలేదు" అందావిడ, అతను సగంలో ఇరుక్కుని ఉండగా.

"ముందు లాగు. తర్వాత దెప్పుదువుగాని."

తిండి తగ్గించడం ఇంట్లో తేలికే. పొద్దున రెండు దోసెలు తినేవాడు ఒకటి తిన్నాడు, రాత్రి పెందలాడే ముగించాడు. చిక్కంతా మధ్యాహ్నంతోనే. ఆ రెస్టారెంటు గుమ్మంలో అడుగు పెడితే చాలు, జీలకర్ర వేగిన వాసన వచ్చి చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకెళ్తుంది. అయినా నిగ్రహించుకున్నాడు. పకోడీలు మానేశాడు. వెన్న రాసిన రొట్టె వద్దన్నాడు. మాంసం జోలికి పోకుండా రోజూ పాలకూర పనీరు తెప్పించుకుని, ఆకుకూరే కదా అని గిన్నె అడుగు కనిపించేదాకా తుడుచుకు తిన్నాడు. మూడు వారాలైంది. చట్రం వెంట్రుకవాసి కూడా దయ చూపలేదు.

నాలుగో వారం వంటింటి తలుపు తెరుచుకుంది. అక్కడి పెద్ద వంటవాడు, అందరూ మాస్టరు అనే ఆయన, భుజం మీద తువ్వాలుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటి గొట్టమన్నా, పనీరుతో పెళ్లి కుదిరిందా? రోజూ అదేనా?"

గొట్టమయ్య సంగతి చెప్పాడు. మాస్టరు మొత్తం విని, గిన్నెలోకి చూసి, "ఆకుకి అంత నిగనిగ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? తోటలోంచా? మీగడ, వెన్న, పైన ఇంకో గరిటె నూనె. పకోడీలు తిన్నా ఇంత నష్టం లేదు" అన్నాడు.

గొట్టమయ్య చెంచా కింద పెట్టాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ వంటింటి జిడ్డుని బకెట్ల కొద్దీ మోసినవాడు. రేకుకి పట్టింది చూశాడు కానీ తనకి పట్టింది ఆలోచించలేదు.

"పోనీ నాకు నూనె తగ్గించి చెయ్యరాదూ?"

అది అనకూడని మాట. మాస్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. "నూనె తగ్గిస్తే ఉల్లిపాయ వేగదు, ఉడుకుతుంది. ఉడికిన ఉల్లిపాయతో కూర చేసి నా చేత్తో బయటికి పంపమంటావా? నేను నీ గొట్టం సన్నగా కొట్టమని అడిగానా ఎప్పుడైనా?"

పనివాడి పనిలో వేలు పెట్టినందుకు గొట్టమయ్యకి చీవాట్లు పడ్డాయి. లేచి చేతులు కడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్లాక మాస్టరు వెనకనుంచి పిలిచాడు.

"మెనూలో నీకు తిండి లేదన్నా. రేపట్నుంచి మూడింటికి రా. మేం తినేది తిను."

మూడింటికి రెస్టారెంటు ఖాళీ అవుతుంది. వంటవాళ్లు నలుగురూ వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన బల్ల చుట్టూ చేరతారు. రోజంతా వెన్నలో, మీగడలో చేతులు ముంచేవాళ్లు తమ వంతు వచ్చేసరికి వాటి మొహం కూడా చూడరని గొట్టమయ్యకి అప్పుడే తెలిసింది. పప్పు, పొడి రొట్టె, ఏదో ఒక కూరగాయ, పుల్లటి పెరుగు. మొదటిరోజు చప్పగా ఉంటుందనుకున్నవాడే, మూడు రొట్టెలు తిని నాలుగో దానికి చెయ్యి చాచాడు.

"తలుపు గుర్తుందా?" అన్నాడు మాస్టరు, రొట్టెల పళ్లెం పక్కకి జరుపుతూ.

రెండింటితో ఆపడం నేర్చుకోడానికి నెల పట్టింది. ఆ నెలంతా సాయంత్రం అయిదింటికి కడుపు అరిచేది. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య కూడా వినబడుతోందని బావమరిది ప్రమాణం చేసి చెప్పేవాడు. "బావా, నీ పొట్ట నన్నేదో అడుగుతోంది, జవాబు చెప్పనా?"

ఒకరోజు మాస్టరు వంకాయ కూర చేశాడు. గొట్టమయ్య ఒక ముద్ద తిని ఆగాడు. ఇంకో ముద్ద తిని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఉల్లిపాయ వేగిందే ఇందులో. నూనె ఏది?"

"లేదని ఎవరన్నారు? ఒక చెంచాడు ఉంది. సన్నగా తరిగి, ఉప్పు వేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద వదిలేస్తే దాని నీళ్లలో అదే మగ్గుతుంది. నీరు ఇగిరాక చెంచాడు నూనె పడితే అప్పుడు రంగు తిరుగుతుంది. మా అమ్మ చేసేది. గంటసేపు పొయ్యి దగ్గర ఉండాలి."

"మరి బయటవాళ్లకి ఇలా చెయ్యవేం?"

"బయటవాళ్లకి పైన నూనె తేలాలి. తేలకపోతే ఇంటి కూరే పెట్టాడంటారు."

మొదటిసారి తిన్న చీవాట్లు గొట్టమయ్యకి చాలు. గిన్నె మాత్రం ఖాళీ చేసి, "మీ అమ్మ పనిమంతురాలు" అని లేచాడు. మాస్టరు చాలాసేపు ఆ ఖాళీ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు.

అయిదో నెలలో ఒక ఆదివారం పొద్దున వరండాలో అలికిడై భార్య బయటికొచ్చి చూసింది. చట్రానికి అవతల, బనీను మీద తుప్పు మరకలతో, నేల మీద కూర్చుని ఉన్నాడు.

"దూరారా?"

"గీసుకుంది. కానీ దూరాను."

ఆవిడ టేపు తెచ్చి నడుము కొలిచింది. పంట్లాలన్నీ మూడంగుళాలు లోపలికి కుట్టాలంది. "బట్ట మాత్రం కొయ్యను. లోపలే మడిచి ఉంచుతాను, మళ్లీ ఎప్పుడు అక్కరకొస్తుందో."

"నమ్మకం లేదా నీకు?"

"నేను దర్జీదాన్ని. వదిలి కుట్టడమే నాకొచ్చు" అంది నవ్వుతూ.

సెలవురోజు వచ్చింది. ఓనరమ్మ తాళాలు తీసి, లెక్కల పుస్తకం తెచ్చుకుని ముందు హాల్లో కూర్చుంది. మాస్టరు రానక్కర్లేదు, అయినా వచ్చి కూరగాయల బల్ల మీద కూర్చున్నాడు. బావమరిది నిచ్చెన వేశాడు. గొట్టమయ్య తలకి దీపం కట్టుకుని, గీకుడు పట్టీ నడుముకి దోపుకుని, ఊపిరి వదిలి తలుపులో దూరాడు. తల, భుజాలు, పొట్ట. పొట్ట దగ్గర కాసేపు రేకు పట్టి చూసి వదిలేసింది. లోపలికి జారాడు.

తన గొట్టం తనకి మళ్లీ దొరికింది. అక్కడి ప్రతి అతుకూ తెలుసు. మోచేతుల మీద పాక్కుంటూ వంపు దాకా వెళ్లి పట్టీ ఆనించి ఒక్క తోపు తోశాడు.

అనుకున్నదే. కింద నల్లగా, రాయిలా, వేలెడు మందాన పాత జిడ్డు. బావమరిది అద్దం అన్నది ఇదీ. కానీ పట్టీ ఆగింది అందుకు కాదు. ఆ నల్లదాని మీద ఈ ఆరు నెలల జిడ్డు ఉండాలి కదా. ఎప్పుడూ చిక్కగా, బంకలా, మోచెయ్యి అంటుకుపోయేంత పేరుకునేది. ఇప్పుడు చూస్తే గోరుమందం. తేనె రంగులో పల్చగా ఉంది, గుడ్డ పెట్టి తుడిస్తే వచ్చేసేలా ఉంది. దీపం ఇంకా దగ్గరికి తెచ్చి చూశాడు. మొదటి రెండు నెలలది ముదురుగా ఉంది, ఆ పైన పొర పల్చబడి అలాగే ఉండిపోయింది. ఒక్కడి కూరలో నూనె తగ్గితే గొట్టం ఇలా మారదు. వంటింట్లో ప్రతి పొయ్యి మీదా మారాలి.

గొట్టమయ్యకి ఆ వంకాయ కూర గుర్తొచ్చింది. చెంచాడు నూనె, ఉప్పు, మూత, సన్నటి సెగ. నలుగురు వంటవాళ్లు, రోజుకి ఎన్ని గంటలు ఎక్కువ నిలబడ్డారో. మాస్టరు మాత్రం ఒక్క మాట ఎవరితోనూ అనలేదు.

తర్వాత నల్ల జిడ్డంతా గీకాడు. మూడు గంటలు పట్టింది. రేకు మెరిసేదాకా తుడిచి, కాళ్లు ముందు పెట్టి తలుపులోంచి దిగాడు. ఇటుకంత నల్లటి ముద్దని బావమరిది చేతిలో పెట్టాడు.

"ఇది నీది. పోయినసారి మర్చిపోయావు."

బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వంపు చాలా ఇరుకు బావా" అన్నాడు చివరికి.

"వచ్చేసారి నువ్వూ రా, నేను పక్కనుండి చూపిస్తాను. ఎలా గీకాలో చెప్తే వచ్చేది కాదు."

ఓనరమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. "ఎప్పుడూ నాలుగు బకెట్లు తీస్తారు కదా, ఇవాళ రెండేనా? అందులోనూ ఒకటి పాతది అంటున్నారు?"

మాస్టరు గోళ్ల వైపు చూసుకుంటున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన అంత శ్రద్ధగా గోళ్లు చూసుకోవడం గొట్టమయ్య ఎప్పుడూ చూడలేదు.

"గొట్టం బాగా లాగుతోందమ్మా" అన్నాడు గొట్టమయ్య. అది నిజమే. "కూరలు ఎలా ఉన్నాయంటున్నారు వచ్చేవాళ్లు?"

"బాగున్నాయనే అంటున్నారు. ఈమధ్య ఇంకాస్త రుచిగా ఉన్నాయని ఒకరిద్దరు అన్నారు కూడా. ఎందుకు?"

"ఊరికే అడిగాను."

ఆవిడ లెక్కల పుస్తకం దగ్గరికి వెళ్లిపోయింది. బావమరిది బకెట్లు మోసుకుంటూ వెనక తలుపులోంచి బయటికి నడిచాడు. గొట్టమయ్య మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"పైన నూనె తేలకపోతే ఊరుకోరన్నావు?"

"తేలుతోంది. దించేముందు ఒక్క చెంచాడు పైన పోస్తున్నాను. చూసేవాళ్లకి అది చాలు" అన్నాడు మాస్టరు. పైన గొట్టం వైపు చూసి, "ఎంత మందం ఉంది?" అని అడిగాడు.

గొట్టమయ్య తడి బొటనవేలు ఎత్తి గోరు చూపించాడు.

మాస్టరు తల పంకించాడు. లేచి పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టి, "సెలవురోజు కదా, రెండు రొట్టెల మీద ఇంకోటి తింటావా?" అన్నాడు.

"రెండే. ఆరు నెలల్లో మళ్లీ దూరాలి" అంటూ గొట్టమయ్య బియ్యం బస్తాల పక్కన తన చోట కూర్చున్నాడు.