గాజు గదిలో మా పెద్దమ్మ

మా పెద్దమ్మ చనిపోయిన సంగతి ఇంట్లోవాళ్లు చెప్పగా నాకు తెలియలేదు. ఆమె పనిచేసిన హోటల్ వాళ్ల వాట్సాప్ స్టేటస్ చూసి తెలుసుకున్నాను.

విడపనకల్లులో నేను పాఠాలు చెప్పే బడిలో, పిల్లల మధ్యాహ్న భోజనాలయ్యాక ఫోన్ తీసి చూస్తే, ఎర్రచీర కట్టుకుని, నుదుట ఇంత బొట్టుతో పెద్దమ్మ ఫొటో కనిపించింది. కింద జోడించిన రెండు చేతుల బొమ్మ. "మా అవ్వ ఇక లేరు. ఆమె జ్ఞాపకార్థం ఈ వారమంతా మా రెస్టారెంట్లో అవ్వ రొట్టెల స్పెషల్ థాలి" అని రాసి ఉంది. అమ్మకు ఫోన్ చేశాను. అప్పుడు ఏడుపు వినిపించింది. అనంతపురం పెద్దాసుపత్రిలో పెద్దమ్మ మంచం పక్కన కూర్చున్న అమ్మకు ముందు ఎవరికి చెప్పాలో తోచలేదట. చూడడానికి వచ్చిన హోటల్ సప్లయర్ బయటికి వెళ్లి తన యజమానికి ఫోన్‌లో ఒక మాట చెప్పాడు. ఏం చేయాలో యజమానికి వెంటనే తోచింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ ఆ కోపమే ఉంది. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతనైనట్టు రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. గార్లదిన్నె దగ్గర పల్లెలో కాస్త మెట్టపొలం ఉండేది. పెదనాన్న పోయాక, శనక్కాయ చేను ఏటా పూత దశలోనే ఎండిపోతుంటే, ఆ పొలాన్ని అలాగే వదిలేసి హైవే పక్కన రేకుల కొట్టు వేసింది. జొన్నరొట్టె, గోంగూర పప్పు, శనక్కాయలు పచ్చిమిరప వేసి నూరిన ఊరిబిండి. అంతకుమించి ఏమీ చేసేది కాదు. లారీ డ్రైవర్లు దూరం నుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగేవాళ్లు. ఇంటర్ చదివేటప్పుడు నేను ఆ కొట్టు వెనక గదిలోనే ఉండి కాలేజీకి వెళ్లాను. నాకు చదువు చెప్పించింది ఆమె రొట్టెలే.

కడిగిన గ్లాసునైనా కొంగుతో మరోసారి తుడిచిగానీ ఇచ్చేది కాదు. తాను మాత్రం ఎప్పుడూ కూర్చుని తినేది కాదు. చివర మిగిలిన రొట్టెను అరచేతిలో పెట్టుకుని, దానిమీద పప్పు వేసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దల్లో ముగించేది. పళ్లెంలో రొట్టె అయిపోతుంటే అడక్కుండానే మరొకటి వేసేది. అలా ఎందుకని ఒకసారి అడిగితే, "ఆకలి మీద ఉండేటోని చేత రెండోసారి అడిగించుకోకూడదు పాపా" అన్నది. నన్ను చివరిదాకా పాపా అనే పిలిచింది.

ఆమెకు కోపం ఎక్కువ. ఒకరోజు కంబదూరు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన కాపరి ఒకడు బల్ల మీద కూర్చుని తింటున్నాడు. కారులో వచ్చిన పెద్దమనిషి, వాడి దగ్గర గొర్రెల వాసన వస్తోంది, లేపి బయట కూర్చోబెట్టు, మేం కూర్చోవాలి అన్నాడు. పెద్దమ్మ పెనం మీంచి తల ఎత్తకుండానే, "ఆయప్ప తిన్నాక లేస్తాడు, అంతదాకా నువ్వు నిలబడు" అన్నది. ఆయన విసురుగా కారెక్కి వెళ్లిపోయాడు. పెద్దమ్మ కాపరి పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. అన్నం పెట్టే చోట మనిషిని లేపకూడదని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ రేకుల కింద చూసి నేర్చుకున్నాను.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు పోయింది. కొన్నాళ్లకు అక్కడికి దగ్గర్లోనే పెద్ద హోటల్ వెలిసింది. బెంగళూరు కార్లు ఆగే హోటల్. యజమాని ఆ చుట్టుపక్కల భూములున్న ఇంటివాడే. తెల్లచొక్కా వేసుకుని పెద్దమ్మ గుడిసెకు స్వయంగా వచ్చాడు. చిన్నప్పుడు నీ చేతి రొట్టె తిన్నవాణ్ని, నువ్వు వస్తేనే మా హోటల్‌కు కళ అని బతిమాలాడు. పెద్దమ్మ సంతోషపడింది. దాచను, నేనూ సంతోషపడ్డాను.

హోటల్ లోపల అంతా పల్లె బొమ్మే. మా ఊళ్లో బావులెండి పనికిరాకుండా పోయిన గిలకలను గోడలకు తగిలించారు. విరిగిన బండిచక్రాలకు వార్నిష్ పూశారు. మెనూలో ఒక భోజనానికి 'కరువుసీమ థాలి' అని పేరు పెట్టారు. అందులో నెయ్యి ఉంది, రెండు కూరలున్నాయి, ఒక స్వీటు ఉంది. నేను అది చదివి వినిపిస్తే పెద్దమ్మ, కరువులో మేం ఏం తిన్నామో వీళ్లకు ఒక పూట పెట్టి చూపించాలని పళ్లు కొరికింది.

ఏసీ హాలుకు ఒక మూల గాజు గది కట్టారు. అందులో కట్టెల పొయ్యి, పీట, పెనం. తినేవాళ్లకు కనిపించేలా పెద్దమ్మ అక్కడ కూర్చుని రొట్టెలు తట్టాలి. వాళ్లు ఫోన్లు పట్టుకుని గాజు దగ్గరికి వచ్చేవాళ్లు. నవ్వమని సైగ చేసేవాళ్లు. ఎర్రచీర హోటల్ వాళ్లే ఇచ్చారు. గాజులు ఇచ్చారు. పెద్ద బొట్టు పెట్టుకోమన్నారు. మొగుడు పోయిన ఆడదాన్ని అని చెప్పినా, ఫొటోలో బాగుంటుందని పట్టుబట్టారు. మొదటిరోజు అయిష్టంగానే పెట్టుకుందట. కానీ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆ బొట్టు చెరపలేదు. ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. మా అమ్మ కూడా ఇదేం పని అని అడిగింది. "వాళ్లు ఫొటోకు పెట్టించినారు. నేను నా మొగానికి పెట్టుకున్నా" అన్నది. ఆ తర్వాత సెలవురోజుల్లోనూ ఆమె నుదురు ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

పొగ పోవడానికి గాజు గది గోడలో ఫ్యాను ఉండేది. మొదట్లో తిరిగేది. దాని చప్పుడుకు ప్రశాంతంగా తినలేకపోతున్నామని హాల్లో ఎవరో అన్నారు. ఫ్యాను ఆపేశారు. తలుపు తెరిస్తే ఏసీలోకి పొగ వస్తుందని తలుపూ మూసే ఉంచమన్నారు. రోడ్డు మీద ఎండ మండిపోతుంటే, ఆ గాజులో పొయ్యి ముందు ఆమె. దగ్గు మొదలైంది. చెప్పింది, రేపు చూద్దామన్నారు. మళ్లీ చెప్పింది. మళ్లీ రేపే అన్నారు.

ఒక ఆదివారం ఆమెను చూద్దామని అక్కడికే వెళ్లాను. పనైపోయేదాకా ఏదో ఒకటి తింటూ కూర్చుందామని టేబుల్ దగ్గర కూర్చున్నాను. పెద్దమ్మ గాజులోంచి నన్ను చూసింది. పెనం మీద ఉన్న రొట్టె తీసి గిన్నెలో వేసింది, చేతులు కడుక్కుంది, తలుపు తీసుకుని నేరుగా వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. నాకేం కావాలో సప్లయర్‌కు చెప్పి, అదే తనకూ తెమ్మంది. ఆయన ఒక్క క్షణం క్యాష్ కౌంటర్ వైపు చూశాడు. తర్వాత ఆమె ముందు ఆకు వేసి, గ్లాసులో నీళ్లు పోశాడు.

యజమాని వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడకుండా వంగి, "అమ్మా, నువ్వు ఈడ కూర్చుంటే బాగుండదు. లోపలికి పోయి తినుపో" అన్నాడు.

"మా పాప వచ్చింది, దానితో తింటాండా. ఈ పూటకు నేనూ గిరాకీనే అప్పా."

ఆయన నవ్వు మొహం పెట్టుకునే, సరే తొందరగా తిని లేవమన్నాడు. వెళ్లబోతుంటే పెద్దమ్మ ఆపింది. గొంతు పెంచలేదు. హాలంతా వినిపించింది మాత్రం నిజం.

"ఫ్యాను సద్దుకు వీళ్లకు అన్నం దిగదని ఆపేస్తివి. నా దగ్గు సద్దు ఎవురికీ ఇనపడదా?"

చుట్టూ చెంచాలు ఆగాయి. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఒకామె ఫోన్ ఎత్తి వీడియో తీసింది. ఒక్కరంటే ఒక్కరు ఫ్యాను వేయండి అనలేదు. ఆ మాట అనడానికి వాళ్లకు ఏం అడ్డం వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. యజమాని మాత్రం, ఇప్పుడే వేయిస్తా, గొడవెందుకమ్మా అన్నాడు. గొడవ కాదు, అడుగుతాండానని పెద్దమ్మ చెప్పింది.

తర్వాత మేం తిన్నాం. ఆమె కూర్చుని తినడం నేను చూడడం అదే మొదటిసారి. ఆకులోకి వచ్చింది తాను తట్టిన రొట్టెలే. తుంచి, ఊరిబిండి అద్దుకుని, మెల్లగా నమిలింది. సప్లయర్ వంగి, ఇంకొకటి తేనా అని అడిగాడు. "అడగద్దు నాయనా, పెట్టు" అన్నది. ఆయన నవ్వుతూ వేడి పప్పు గరిటెడు వేసి, నెయ్యి పోశాడు. ఆమె తృప్తిగా తిని, తన రొట్టె బాగానే ఉందని నాతో చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆ హోటల్ భోజనం నిజంగా బాగుంది. ఆ మాట కూడా రాయకపోతే ఆమె ఒప్పుకోదు.

ఫ్యాను కొన్నాళ్లు తిరిగింది. తర్వాత మళ్లీ ఆగింది. ఈసారి ఆమెకు అడిగే ఓపిక లేదు. దగ్గు ముదిరి పని మానేసింది. నేను డాక్టర్ల దగ్గరికి తిప్పాను, అమ్మ దగ్గర ఉండి చూసుకుంది. హోటల్ నుంచి ఆ సప్లయర్ తప్ప ఎవరూ గుమ్మం తొక్కలేదు. బతుకంతా కట్టెలపొయ్యి ముందు గడిపిన మనిషి. ఊపిరితిత్తులు ఆ గాజు గదిలోనే పాడయ్యాయని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఫ్యాను ఆపింది వాళ్లేనని మాత్రం ఎక్కడైనా చెప్పగలను.

దినాలయ్యాక ఆ హోటల్‌కు వెళ్లాను. గుమ్మం దగ్గరే పెద్ద ఫ్రేములో పెద్దమ్మ, మెడలో ప్లాస్టిక్ పూలదండ, కింద 'మా అవ్వ' అని బంగారు అక్షరాలు. గాజు గదిలో అదే ఎర్రచీరలో, అంతే బొట్టుతో, నా వయసుదే ఒకామె రొట్టెలు తడుతూ దగ్గుతోంది. హాలు నిండా జనం. అవ్వ థాలి బాగా పోతున్నట్టుంది. మా బంధువుల్లో కొందరు, ఎవరు చేస్తారమ్మా ఇంత గౌరవం అని నాతో అన్నారు. వాళ్ల మీద కూడా నాకు కోపమే.

యజమానిని పిలిపించి, ఫొటో తీసేయమన్నాను. సొంత అవ్వకైనా ఇంత పెద్ద ఫొటో పెట్టి ఉండనని ఆయన నొచ్చుకున్నాడు.

"ఫ్యాను ఎందుకు ఆపినారు?" అని అడిగాను.

"ఏ ఫ్యానమ్మా?"

ఆయన అబద్ధమాడడం లేదు. ఆ మొహం చూస్తే తెలిసింది, నిజంగానే మరిచిపోయాడు. అబద్ధమైతే నాకు ఇంత మండేది కాదు.

కుర్చీ లాక్కుని ఎక్కాను. సప్లయర్ వచ్చి కుర్చీ పట్టుకున్నాడు. ఫ్రేము దించి, దండ తీసి కౌంటర్ మీద పెట్టాను. గాజు తలుపు తెరుచుకుంది. లోపలామె బయటికి తల పెట్టి, సారు వాళ్ల అవ్వ ఫొటో ఎందుకు తీస్తున్నారక్కా అని అడిగింది. ఆమెకు అలా చెప్పి ఉన్నారు.

"సారు వాళ్ల అవ్వ కాదు, మా పెద్దమ్మ. నీకన్నా ముందు ఆ పీట మీద కూర్చున్నది ఆమే."

"ఎట్ల పోయింది?"

"దగ్గుతో" అన్నాను.

ఆమె తలెత్తి గోడలోని ఫ్యాను వైపు చూసింది. పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, చేతుల పిండి దులుపుకుని బయటికొచ్చి తలుపు పక్కన నిలబడింది. హాలు నిండా జనం ఉన్నారు, రొట్టెలు కావాలి, కూర్చో అని యజమాని అన్నాడు.

"అది తిప్పండి సారూ, ముట్టిస్తా" అన్నదామె. తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. సప్లయర్ కూడా ఖాళీ పళ్లేలు పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. టేబుళ్ల దగ్గర రొట్టె ఎంతసేపని అడుగుతున్నారు. యజమాని వాళ్లను చూశాడు, నన్ను చూశాడు, ఇక దారిలేక తానే గాజు గదిలోకి వెళ్లి స్విచ్ వేశాడు. ఫ్యాను మూలిగి, ఆగి, తిరిగింది. రెక్కలకు గడ్డకట్టిన మసి ఊడి ఆయన తెల్లచొక్కా మీద పడింది. ఆయన చేత్తో దులుపుకోబోతే ఇంకా పాకింది.

నేను ఫ్రేము పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. వచ్చే ఆదివారం వెళ్లి చూస్తాను. బస్సు కోసం ఎండలో రోడ్డు మీద నిలబడితే, హోటల్ పక్కగోడ కనిపిస్తోంది. సున్నం వేసిన తెల్లటి గోడ. కాసేపటికి దాని పైభాగాన ఉన్న చిన్న చదరపు రంధ్రంలోంచి పొగ వచ్చింది. మొదట నల్లగా, తర్వాత పలచబడి, పోతున్న లారీల మీదుగా, ఎండిన చేల వైపు సాగిపోయింది.