మాడిన అతుకు

పిచ్చేశ్వరరావు బందరు దగ్గర గిలకలదిండి హార్బరులో ఫైబర్ పడవలకు రంగులేస్తాడు. ఒకప్పుడు తనకూ పడవ ఉండేది. అక్క వీరలక్ష్మి భర్త నాగేంద్రబాబూ, తనూ కలిసి కొనుక్కున్నారు. రెండేళ్ల కిందట, తను నెల రోజులుగా పని మీద గుడివాడలో ఉండగా తుపానొచ్చింది. సొంతూరు పాలకాయతిప్పలో తాళ్లు తెగి పడవ కొట్టుకుపోయిందని బావ ఫోను చేశాడు. పరుగున వెళ్లాడు. మూడు రోజులు ఇద్దరూ మోకాళ్ల లోతు బురదలో మడ అడవంతా గాలించారు. చివరికి బావ ఒడ్డున కూలబడి తల కొట్టుకుంటుంటే, పిచ్చేశ్వరరావే లేవదీశాడు. "నువ్వు బతికున్నావు, అంతే చాలు బావా" అన్నాడు. ఆ తర్వాతే ఊరొదిలి ఈ పనిలో పడ్డాడు.

మొన్న మాఘంలో బంటుమిల్లి నుంచి ధనమ్మగారనే చేపల వ్యాపారి తన పడవను ట్రాక్టరు మీద పంపింది. రంగు పెచ్చులు లేస్తోంది, మొత్తం తీసేసి కొత్తగా వెయ్యమంది.

ఫైబర్ మీద పాత రంగు తీయడం ఓపిక పని. మంట చూపిస్తే పొంగుతుంది, ఘాటు మందు రాస్తే పైపొర మెత్తబడుతుంది. రేకు వాలుగా పట్టి పైపైన గీకాలి, ఆనక తడి ఎమిరీ కాగితంతో రుద్దాలి. రెండు రోజులకి ఎర్ర రంగు పోయింది. దాని కింద నీలం. నీలం కింద, మొన పక్కన, చేటంత గోధుమరంగు మచ్చ.

రేకు పక్కన పెట్టి దాన్ని వేలితో తడిమాడు. అది తమ పడవకి చిల్లు పడితే తను వేసిన అతుకే. గట్టిపడే మందు ఎక్కువై మాడింది. "అట్టు మాడ్చావురా" అని బావ ఏడాదంతా ఏడిపించాడు.

ధనమ్మకి ఫోను చేశాడు. "ఈ పడవ ఎవరి దగ్గర కొన్నారండీ?"

"పాలకాయతిప్ప నాగేంద్రబాబు దగ్గర. తుపానుకి వారం ముందు తెచ్చుకున్నాం. ఏం, అడుగు బాగాలేదా?"

"బాగానే ఉందండీ" అన్నాడు.

మధ్యాహ్నానికి పాలకాయతిప్పలో ఉన్నాడు. బావ లేడు. అక్క పెరట్లో చేపలు కడుగుతోంది.

"పడవ దొరికిందక్కా."

ఎక్కడని అడగలేదామె. "ధనమ్మ దగ్గరేగా" అంది, తల దించుకునే.

దారంతా బావని తిట్టుకుంటూ వచ్చినవాడు అక్క ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "నీకూ తెలుసా?"

"మీ బావకి రొయ్యల చెరువు మీద మనసైంది. నువ్వు పడవ అమ్మనివ్వవని..."

"మూడు రోజులూ ఆ బురదలోకి క్యారియరు పంపావే! కోసుకుపోయిన నా కాళ్లకి పసుపు రాశావే!"

"చెబుదామనే కూర్చున్నాన్రా. నువ్వు ఆయన్ని ఓదారుస్తుంటే నోరు రాలేదు." తర్వాత కళ్లు తుడుచుకుని, "అన్నం తినెళ్లు" అంది.

అతను తినలేదు.

ధనమ్మ పడవకి పచ్చరంగు వేసి పంపాడు. ఆమెతో ఏమీ చెప్పలేదు. ఆమె చేసిన తప్పేముంది? బావ ఒకసారి హార్బరుకొచ్చి చాలాసేపు నిలబడ్డాడు. పిచ్చేశ్వరరావు తను పని చేస్తున్న పడవకి అవతలివైపు వెళ్లి గీక్కుంటూ ఉండిపోయాడు.

అక్క మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఎత్తుతాడు. మొన్న, నాలుగు రోజులుగా జ్వరమని చెప్పింది.

"నిజంగానా?" అన్నాడు. అనకూడదనుకుంటూనే అనేశాడు.