నా వెనక అమ్మ చెయ్యి

ఎనభైల మొదట్లో మేం మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. పసితనంలో వచ్చిన పోలియో నా కాళ్ళతో పాటు నడుం పట్టు కూడా పట్టుకుపోయింది. కాలేజీ అయ్యేసరికి నాకున్న పిచ్చి ఒక్కటే, వీల్‌చైర్ పరుగుపందెం. చక్రాల అంచుల్ని అరచేతులతో కొట్టి కొట్టి తోస్తుంటే చెవుల్లో గాలి హోరుమంటుంది చూశారూ, అబ్బ! ఆ రుచి మరిగినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి తరం? ఆ ఏడు నేషనల్స్‌కి వెళ్ళి తీరాలనుకున్నాను. దానికి ముందు మా ప్రాంతపు పోటీల్లో గెలవాలి.

నేషనల్స్ అంటే ఏదో పెద్ద హంగామా అనుకునేరు. అప్పట్లో ఈ ఆటల పరిస్థితి ఒకే ఇంట్లో నాలుగు పొయ్యిలు పెట్టుకున్నట్టుండేది. వీల్‌చైర్ వాళ్ళకొక జాతీయ సంఘం, చూపు లేనివాళ్ళకొకటి, కాలో చెయ్యో పోయినవాళ్ళకొకటి, సెరిబ్రల్ పాల్సీ వాళ్ళకొకటి. ఎవరి రూల్సు వాళ్ళవి, ఎవరి పోటీలు వాళ్ళవి. డెబ్బైల చివర్లో కొత్త చట్టమొకటి వచ్చి, ఒలింపిక్స్ వ్యవహారాలు చూసే పెద్దలు మమ్మల్ని కూడా కలుపుకోవాలంది. కలుపుకున్నారు, సంతోషం. పంక్తిలో కూర్చోబెట్టారు గానీ మా ముందు విస్తరి వెయ్యలేదు. మా క్లబ్ కోచ్, ఆయనా వీల్‌చైర్ మనిషే, శనివారాలు పార్కింగ్ లాట్‌లో మా అందరిచేతా కార్లు కడిగించి వ్యాన్ ఖర్చులు రాబట్టేవాడు. నేషనల్స్ ప్రయాణానికి మాత్రం ఎవరి చేతిచమురు వాళ్ళదే.

పోటీకి ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒంట్లో ఏ కండ ఎంత పనిచేస్తుందో డాక్టరూ థెరపిస్టూ చూసి, ఏ క్లాసులో పరుగెత్తాలో తేలుస్తారు. నడుం నిలిచేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు, నిలవనివాళ్ళు వాళ్ళలో వాళ్ళు పోటీ పడాలి. న్యాయమే. మగ డాక్టరు ఒంటిమీద చెయ్యేస్తాడని అమ్మ కూడా గదిలోకి వచ్చింది. వద్దంటే వింటేనా!

బల్ల అంచున కూర్చోబెట్టి రెండు చేతులూ చాపమన్నారు. థెరపిస్టు ముందునుంచి భుజాన్ని మెల్లగా నెట్టింది. నేను కదల్లేదు. వెనక అమ్మ నా శాలువా సర్దుతూ నిలబడింది. బ్రహ్మాండం అన్నారు, కార్డు చేతిలో పెట్టారు. నేను ఉబ్బిపోతూ బయటికొచ్చాను.

కార్డు చూసి కోచ్ తల పట్టుకున్నాడు. నన్ను నడుం గట్టిగా ఉన్నవాళ్ళ క్లాసులో వేశారు! వాళ్ళు ముందుకి వంగి ఒంటిబరువంతా చక్రం మీద వేసి తోస్తారు. నేనలా వంగితే ఇంకొకళ్ళు వచ్చి లేపాలి. వాళ్ళతో నాకు పోటీయా, నా మొహం! ఇంక నేషనల్స్‌కి నీళ్ళు వదులుకోవడమే. అసలు బల్లమీద పడిపోకుండా ఎలా కూర్చున్నావని కోచ్ అడిగాక గానీ నాకు బల్బు వెలగలేదు.

“అమ్మా, నా బ్యాక్ దగ్గర హోల్డ్ చేశావా?”

అమ్మ తన కుడిచేతిని చూసుకుంది. కావాలని చెయ్యలేదు పాపం, అలవాటు. చర్చిలో, పుట్టినరోజు పార్టీల్లో, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు సోఫాలో, నా వెనక పైట చాటున ఆ చెయ్యి ఎప్పుడూ ఉండేది. ఎవరేమడిగినా “కొంచెం నడక తేడా, అంతే వదినగారూ” అనేది. అన్నేళ్ళుగా ఉండి ఉండి ఆ చెయ్యి ఉన్నట్టు నాకే తెలిసేది కాదు.

పరుగు మొదలయ్యేలోపు అభ్యంతరం చెప్పుకోవచ్చట. పరుగెత్తుకెళ్ళాం, అదే, చక్రాల మీద. అక్కడి పెద్దలు మమ్మల్ని నమ్మలేదు. తేలిక క్లాసు కోసం లేని నీరసం నటించేవాళ్ళని వాళ్ళు చాలామందిని చూశారట. లేని బలం నటించింది లోకంలో మేమొక్కళ్ళమే కాబోలు! మళ్ళీ పరీక్ష చెయ్యాలంటే సరైన కారణం చెప్పమన్నారు. కారణం అమ్మ దగ్గరుంది. అది నేను చెప్పి లాభంలేదు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. జన్మంతా ఎవరి దగ్గరా ఒప్పుకోని మాట అంతమంది తెల్లవాళ్ళ ముందు అమ్మ అంటుందా? అమ్మ కొంగు నిండుగా కప్పుకుని ముందుకొచ్చింది.

“ఐ హోల్డ్,” అంది. “మై డాటర్ కెనాట్ సిట్.”

నాకు ఏడుపొచ్చింది, ఈల వెయ్యాలనీ అనిపించింది.

మళ్ళీ బల్ల ఎక్కించారు. ఈసారి అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకి ఆనించి నొక్కిపట్టింది. నేను చేతులు చాపాను. థెరపిస్టు ఇలా ముట్టుకుందో లేదో పక్కకి వాలిపోయి దబ్బున పడ్డాను. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుంటుంది. కాళ్ళు మాత్రం కదల్లేదు. నా బతుకులో నేను పడుతుంటే అమ్మ పట్టుకోకపోవడం అదే మొదటిసారి.

క్లాసు మార్చారు. ఆ మధ్యాహ్నమే రెండు వందల మీటర్లు. నడుముకి బెల్టు బిగించారు, తుపాకి పేలింది, ఇంక నేనాగుతానా! మలుపులో ఒకావిడ నా పక్కకి వచ్చింది. రా తల్లీ రా, అనుకుంటూ అరచేతులు మండేలా కొట్టాను. గీత దాటాక పక్కలకి చూస్తే ఎవరూ లేరు. వాళ్ళింకా వెనకే ఉన్నారు! కోచ్ పిచ్చెత్తినట్టు గిరగిరా తిరుగుతున్నాడు. అమ్మ జనం కూర్చునే మెట్లమీద చెప్పులు వదిలేసి నిలబడి, ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిణ్ణి వాటేసుకుంది.

నా విమానం ఖర్చులకి మా తెలుగు చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక గారెలమ్మకం పెట్టారు. అమ్మ మూకుడు ముందు నుంచుంది, నేను పక్కన పచ్చడి వడ్డిస్తున్నాను. కొత్తగా ఊళ్ళోకొచ్చిన ఆంటీ ఒకావిడ వందనాలు చెప్పి, నన్ను ఎగాదిగా చూసి, అమ్మ దగ్గరకి జరిగి గొంతు తగ్గించింది. తెలిసినవాళ్ళ అబ్బాయి ఉన్నాడట. అమ్మాయికి కొంచెం నడక తేడా అని చెప్తే సరిపోతుందా అని అడిగింది.

అమ్మ గారె తిరగేసింది. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.

“కొంచెం కాదు వదినగారూ. నడవలేదు, నడుం కూడా నిలవదు. నేషనల్స్‌కి వెళ్తోంది. ఇంకో రెండు గారెలు వెయ్యమంటారా?”